ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోకండి



మనలో కొందరు ఆయా పనికీ, వంట పనికీ అర్జీ పెట్టారు. చాలా సంతోషం. కానీ "ఇంటర్వ్యూ అంటే భయం టీచరమ్మా" అంటున్నారు.

ఆ భయం నాకూ తెలుసు. నా మొదటి ఇంటర్వ్యూలో "నీలో లోపం ఏమిటి?" అని అడిగారు. నోరు ఎండిపోయింది. తల దించేసుకున్నాను. ఆ తర్వాత అడిగినవన్నీ నాకు తెలిసినవే. అయినా చెప్పలేకపోయాను. ఉద్యోగం రాలేదు.

కరణం మల్లీశ్వరి పేరు విన్నారా? శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపిల్ల. బరువులు ఎత్తే క్రీడాకారిణి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్లారు. ఆ పోటీలో రెండు రకాలుగా బరువు ఎత్తాలి. ఒక్కో రకానికి మూడు అవకాశాలు ఇస్తారు. ఆమె మొదటి రకంలో 110 కిలోలు ఎత్తారు. రెండో రకంలో 130 కిలోలు ఎత్తారు. చివరిసారి 137.5 కిలోలు ఎత్తబోయారు. కుదరలేదు. అయినా ముందు ఎత్తినది ఎక్కడికీ పోలేదు. మొత్తం 240 కిలోలు లెక్కకు వచ్చాయి. కంచు పతకం వచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారత మహిళ ఆమే.

ఇంటర్వ్యూ కూడా అంతే. ఒక జవాబు తప్పితే మిగతావి పోవు. తల ఎత్తి తర్వాతి ప్రశ్న వినండి.

వాళ్లు ఏం అడుగుతారు?

"ఇంత ఆలస్యంగా చదువుకున్నావేం?"
"చిన్నప్పుడు బడికి పంపలేదండి. ఇప్పుడు నేర్చుకున్నాను. సరుకుల చీటీ చదువుతాను. లెక్క రాస్తాను."

"నీలో లోపం ఏమిటి?"
"నెమ్మదిగా చదువుతానండి. అందుకే రోజూ అరగంట చదువుతున్నాను."

"పిల్లల్ని ఎవరు చూస్తారు?"
"మా అత్తగారు చూసుకుంటారండి. నేను వేళకు వస్తాను." ఈ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి సుమా!

తెలియనిది అడిగితే "తెలియదండి, నేర్చుకుంటాను" అనండి. అబద్ధం చెప్పకండి. చివర్లో పని వేళలు, జీతం ఎంతో మీరూ అడగండి. అది తప్పు కాదు.

బరువులు ఎత్తేవాళ్లు మొదటి రోజే వంద కిలోలు ఎత్తరు. కొంచెం కొంచెం పెంచుతారు. మనమూ ఇవాళ ఒక ప్రశ్న, రేపు రెండు ప్రశ్నలు నేర్చుకుందాం. జవాబు బట్టీ పట్టొద్దు. మీ బతుకు మీకు తెలుసు. అదే గట్టిగా చెప్పండి.

రండి, ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోండి. ఒకరు ఆఫీసరు. ఒకరు మీరు. ఊఁ, మొదటి ప్రశ్న అడగండి!