అమ్మ మాట ఏ భాషలో వచ్చింది?

 ఈ ఉదయం మొదటి సమూయేలు గ్రంథం 28వ అధ్యాయం ధ్యానించుకుందాం. బైబిలు దగ్గరుంటే తెరిచి పెట్టుకోండి. దానికి ముందు నాకు వచ్చిన ఒక ఉత్తరం సంగతి చెప్పాలి.

ఒక తండ్రి రాశారు. పేరు, ఊరు చెప్పను. ఇంటర్మీడియట్ చదివే ఆయన కుమారుని పుస్తకాల సంచిలో ఒక బొమ్మల నవల దొరికింది. గ్రాఫిక్ నవల అంటారు దాన్ని. చిన్నప్పుడు చందమామలో బేతాళుడి బొమ్మ చూసి దుప్పటి ముసుగు పెట్టుకున్న వాళ్ళం మనం. ఇది దానికి పదింతలట. అట్టంతా నలుపు, లోపల చనిపోయినవారిని పిలిచి మాట్లాడించే కథ. ఆ తండ్రి సంఘంలో పెద్ద. కోపంతో పుస్తకం చింపేశారు. అబ్బాయి ఎదురు చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం, "నాన్నా, అందులో వాళ్ళమ్మ వచ్చి మాట్లాడుతుంది" అన్నాడట. ఆ పిల్లవాని తల్లి ప్రభువునందు నిద్రించి ఇంకా ఏడాది కాలేదు. "అయ్యగారూ, నేను చేసింది తప్పా?" అని తండ్రి అడుగుతున్నారు.

తొందరపడి జవాబు చెప్పను. ముందుగా తల్లిని పోగొట్టుకున్న ఇంకొక కుమారుని సంగతి వినండి.

అమెరికాలో హారీ హూడినీ అనే గొప్ప ఇంద్రజాలికుడు ఉండేవాడు. సంకెళ్ళు వేసి నీళ్ళలో పడేసినా విడిపించుకుని బయటికి వచ్చేవాడు. 1913లో అతడు యూరపు పర్యటనలో ఉండగా ఇక్కడ తల్లి చనిపోయింది. ఆఖరి మాట దక్కలేదు. ఆ దుఃఖం అతణ్ణి వదలలేదు. తొమ్మిదేళ్ళ తరువాత, 1922లో, అట్లాంటిక్ సిటీ అనే సముద్రతీరపు ఊరిలో అతని స్నేహితుడు, షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కానన్ డాయల్, భార్యతో కలిసి అతణ్ణి ఒక గదిలోకి పిలిచాడు. డాయల్ కూడా దుఃఖంలో ఉన్నవాడే. 1918లో కుమారుణ్ణి, మరుసటి ఏడు తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. డాయల్ భార్య కలం పట్టుకుని, ఆత్మ తనచేత రాయిస్తున్నదంటూ గబగబా పేజీలు నింపింది. హూడినీ తల్లి మాట్లాడుతున్నదట.

హూడినీ ఆశతోనే కూర్చున్నాడు. కాగితాలు చేతికి వచ్చాక చూశాడు. మొదటి పేజీ పైన సిలువ గుర్తు ఉంది. తల్లి యూదురాలు, యూదుల బోధకుని భార్య. రాసినదంతా చక్కటి ఇంగ్లీషు. అమెరికాలో ఏళ్ళ తరబడి ఉన్నా ఆమెకు ఆ భాష పట్టుబడలేదు.

శ్రోతలారా, మన అమ్మ మనల్ని ఏ భాషలో పిలిచిందో మనకు తెలుసు. కొడుకు తెలుసుకున్నాడు. వారి స్నేహం చెడింది. మిగిలిన కాలమంతా హూడినీ ఇలాంటి గదులలో జరిగే మోసాలను బయటపెడుతూ తిరిగాడు. విచిత్రం చూడండి, 1926లో అతడు చనిపోయాక, అతని భార్య పదేళ్ళపాటు ప్రతి ఏటా అదే రోజున అతడు పలుకుతాడేమోనని అలాంటి కూటమే పెట్టింది. 1936లో హాలీవుడ్‌లో ఒక హోటలు మేడమీద ఆఖరుసారి కూర్చుని, ఏమీ రాక, దీపం ఆర్పేసింది.

ఈ వ్యాపారం ఎక్కడ మొదలైందో కూడా కొంచెం చెబుతాను. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలో హైడ్స్‌విల్ అనే పల్లెలో ఫాక్స్ కుటుంబపు ఆడపిల్లలు ఇద్దరు, పదిహేనేళ్ళు కూడా నిండనివారు, తమ ఇంట్లో ఆత్మ తట్టి జవాబు చెబుతోందన్నారు. దేశమంతా పాకింది. తరువాత 1861 నుండి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధంలో ఆరు లక్షలకు పైగా చనిపోయారు. ఏ ఇల్లు చూసినా ఖాళీ కుర్చీ. అధ్యక్షుడు లింకను భార్య సహితం, 1862లో ఒక కుమారుడు పోయాక, ఆత్మలను పిలిచేవారిని అధ్యక్ష భవనానికే రప్పించింది. చివరకు 1888లో ఆ అక్కచెల్లెళ్ళలో మార్గరెట్ న్యూయార్క్‌లో వేదిక ఎక్కి, ఆ తట్టుడు తన కాలివేళ్ళ కీళ్ళతో చేసిందేనని చేసి చూపించింది. మరుసటి ఏడు ఆ మాట వెనక్కి తీసుకుంది. ఇద్దరూ పేదరికంలో పోయారు.

మన హాస్టళ్ళలో పిల్లలు ప్లాంచెట్ అని ఆడేది దీని పిల్లే. గ్లాసు మీద వేళ్ళు పెడితే అది అక్షరాల వైపు జరుగుతుంది. ఫారడే అనే శాస్త్రవేత్త 1853లోనే పరీక్షించి చూపించాడు, బల్లను కదిపేది మన చేతులే, మనకు తెలియకుండానే. అంతా మోసమే, అందుచేత భయం లేదని నేననను. దేవుని వాక్యం ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయంలో దీన్ని స్పష్టంగా నిషేధించింది. ఆ తలుపు తట్టవద్దు.

ఇప్పుడు సౌలు దగ్గరికి వద్దాం. కర్ణపిశాచముగల వారిని దేశంలోనుండి వెళ్ళగొట్టించినది ఈయనే. చట్టం బాగా తెలిసినవాడు. ఫిలిష్తీయులు షూనేములో దిగారు. దేవుడు స్వప్నము ద్వారా గాని, ఊరీము ద్వారా గాని, ప్రవక్తల ద్వారా గాని పలకలేదు. రాజు మారువేషం వేసుకుని రాత్రివేళ ఏన్దోరుకు వెళ్ళాడు. ఎవరి కోసం? సమూయేలు కోసం. బ్రదికి ఉన్నప్పుడు ఎన్ని సంవత్సరాలు ఆయన ముఖం చూడలేదో 15వ అధ్యాయం చివర చూడండి. సమూయేలు మాత్రం ఇతని కోసం దుఃఖిస్తూనే ఉన్నాడు. మాట్లాడవలసిన రోజుల్లో మాట్లాడక, ఆయన లేకపోయాక చీకట్లో వెదుక్కుంటూ వెళ్ళాడు. దొరికింది ఆదరణ కాదు. రేపు నీవూ నీ కుమారులూ చనిపోతారన్న మాట. రాజు నేలమీద సాష్టాంగపడిపోయాడు.

ఇక్కడ నేను ఎప్పుడూ ఆగిపోతాను. రాత్రింబగళ్ళు తిండి లేని ఆ మనిషిని ఇంత తినమని బతిమాలినది ఎవరు? ఆ స్త్రీయే. ఆమె వృత్తిని నేను మెచ్చుకోను. అయినా వాక్యం దాచలేదు. దూడను వధించి, పిండి పిసికి, రొట్టెలు కాల్చి పెట్టింది. ఇశ్రాయేలు దండులో అంతమంది ఉండగా, ఆ పని చేసినవారు లేరు.

నా సంగతి చెప్పుకోవాలి. ఎన్నో సమాధి కార్యక్రమాలు జరిగించాను. తల్లి పెట్టె దగ్గర నిలబడ్డ పిల్లలతో, "ఏడవకూడదు, అమ్మ ప్రభువు దగ్గర ఉంది" అనేవాణ్ణి. ఒకసారి ఏడెనిమిదేళ్ళ చిన్నది నా మాట విని వెంటనే కళ్ళు తుడుచుకుంది. మంచి విశ్వాసం అనుకున్నాను. ఆ తరువాత ఆ పిల్ల నా ఎదుట వాళ్ళమ్మ ఊసు ఎన్నడూ ఎత్తలేదు. పాస్టరుగారికి ఇష్టం ఉండదనుకుంది. నేను చెప్పిన మాట సత్యమే. కానీ లాజరును మరి కొద్దిసేపట్లో లేపబోతున్నానని ఎరిగిన ప్రభువే ఆ సమాధి దగ్గర ఏడ్చాడు. ఆయనను మించిన విశ్వాసం ఆ పిల్ల దగ్గర నేనెందుకు అడిగాను?

అయ్యా, ఉత్తరం రాసిన తండ్రీ, ఆ పుస్తకం మీద నాకేమీ ప్రేమ లేదు. అది స్నేహితుడి దగ్గర తెచ్చుకున్నదైతే మాత్రం డబ్బులు ఇచ్చివేయండి. నాకు గుచ్చుకున్నది వేరు. మీ అబ్బాయి ఆ మాట అన్న తరువాత మీరేమన్నారో ఉత్తరంలో లేదు. ఆమె పోయినప్పటినుండి ఇంట్లో ఆమె పేరు పలికారా? ఆమె పిల్లవాణ్ణి ఏమని పిలిచేదో, పరీక్షల రోజు ఏమని దీవించి పంపేదో, ఏ పాట పాడుకుంటూ వంట చేసేదో తెలిసినవారు మీరొక్కరే. ఆమె మాట్లాడిన తెలుగులోనే మీరు చెప్పగలరు. ఈ రాత్రి భోజనాల దగ్గర మొదలుపెట్టండి. మీకు ఏడుపు వస్తే పిల్లవాడు చూడనివ్వండి.

సంఘ పెద్దలారా, ఆ వీధిలో ఉన్నవారు మీరైతే, ఈ వారం ఒక గిన్నెలో కూర పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళండి. వాక్యం చెప్పడానికి తొందరపడకండి.

మన సమయం అయిపోయింది. ప్రార్థన చేసుకుందాం.