బిడ్డకు చెప్పవలసిన నిజం
(పిల్లల వైద్యంలో శిక్షణ పొందుతున్న డాక్టర్ల కూడికలో చేసిన ప్రసంగం)



మేము వైద్యం చదివినవారము కాము. రోగుల మంచాల ప్రక్కన ప్రార్థన చేయుటకు వచ్చే పాదిరులము. అక్కడ చూచిన సంగతి ఒకటి మీకు చెప్పాలి.

ఒక పిల్లల వార్డులో ఎనిమిదేండ్ల పాప, "సూది నొప్పి పెడుతుందా?" అని అడిగింది. "అస్సలు పెట్టదమ్మా" అన్నారు డాక్టరుగారు. పెట్టింది. మరునాడు ఆయన కడుపునొప్పి గూర్చి ఎంత అడిగినా పాప గోడవైపు తిరిగి నోరు విప్పలేదు.

పద్దెనిమిదేండ్లు నిండనివారికి పెద్దలే సంతకం చేస్తారు, నిజమే. కాని పరిశోధనలో చేర్చుకొనేటప్పుడు ఏడేండ్లు దాటిన బిడ్డ సమ్మతి కూడా అడగాలని భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నవి. పరిశోధనలో ఇచ్చే ఆ మర్యాద చికిత్సలో వద్దా?

2019 నుండి ఎం.బి.బి.ఎస్. చదువులో వైఖరి, నీతి, సంభాషణ పాఠాలుగా చేరాయి. సంతోషం. అయితే రౌండ్లలో పెద్దడాక్టరు ఒక తల్లిని కసరుట చూచిన విద్యార్థికి, విన్న పాఠంకంటె చూచినదే నిలుస్తుంది. అధ్యాపకులారా, మీ నడతే వారికి పాఠం.

యువకులారా, మంచం ప్రక్కన కూర్చోండి. బిడ్డను పేరుపెట్టి పిలవండి. "కొంచెం నొప్పి పెడుతుంది, అమ్మ చేయి పట్టుకో" అనండి. రేపు మీరు అడిగినప్పుడు ఆ బిడ్డ మీకు నిజం చెబుతుంది.

దేవుడు మీ చేతులను దీవించును గాక.