ఈల వేసే కుక్కల వెంట కెమెరా



మనం రేచుకుక్క అంటాం. కన్నడంలో సీళునాయి, తమిళంలో సెన్నాయ్. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మీకు ఈ పేర్లలో ఒకటి రెండైనా తెలిసే ఉంటాయి. జంతువును చూసినవారు మాత్రం ఎందరు?

ఎర్రని ఒళ్ళు, నల్లని కుచ్చుతోక, బరువు పదిహేను కిలోలకు కాస్త అటూ ఇటూ. ఊరకుక్కలా మొరగదు. పొదల్లో చెదిరిన గుంపు మళ్ళీ కలుసుకోవడానికి ఈల వేస్తుంది. ఆ ఈల మనకు వినిపించి కెమెరా తిప్పేసరికి గుంపు మరో వాగు దాటి ఉంటుంది. వీటిని చిత్రించడంలో మొదటి చిక్కు ఇదే.

మైసూరుకు చెందిన కృపాకర్, సేనాని అనే మిత్రులిద్దరు బందిపూరు, ముదుమలై ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి వీటి వెంట తిరిగారు. 1997లో వీరప్పన్ ఎత్తుకుపోయి రెండు వారాలు అడవిలో ఉంచుకున్నది వీరినే. అయినా ఆ అడవిని వదల్లేదు. వారు తీసిన 'ది ప్యాక్' చిత్రమాలికకు 2010లో బ్రిస్టల్‌లో, గ్రీన్ ఆస్కార్ అని పేరుపడ్డ బహుమతి వచ్చింది.

వేటను చిత్రించడం కష్టమే కాని, వేట ఒక్కటే చూపితే ఈ జంతువుకు అన్యాయం జరుగుతుందని నా అభిప్రాయం. గుంపుగా దుప్పిని తరిమి, ప్రాణం పోకముందే తినడం మొదలుపెడతాయి. చూడడానికి ఒళ్ళు జలదరిస్తుంది. తెల్లదొరల కాలంలో వేటగాళ్ళు దీన్ని క్రూరమృగమని ముద్రవేశారు. చంపినవారికి సర్కారే డబ్బిచ్చింది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చేదాకా ఆ బహుమానాలు సాగాయి.

మరి గుహ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. కూనలు పెట్టిన తల్లి ఒక్కతే అయినా, వాటిని సాకే పని గుంపుదంతా. వేట ముగించి వచ్చిన పెద్దవి మింగిన మాంసాన్ని కక్కి కూనల నోటికి అందిస్తాయి. కూనలు ఎదిగి వేటచోటికి రాగలిగాక, పెద్దవి పక్కకు తప్పుకుని వాటిని ముందు తిననిస్తాయి. మన విందుల్లో పిల్లలకు ముందు వడ్డించినట్టే! ఈ దృశ్యాలు కావాలంటే తొందర పనికిరాదు. జీపుకు అలవాటుపడ్డ జంతువు కూడా మనిషి దిగి నిలబడితే జంకుతుంది. గుహ దగ్గర అలికిడి ఎక్కువైతే తల్లి కూనలను నోట కరుచుకుని మరోచోటికి మార్చేస్తుంది.

ప్రపంచం మొత్తం మీద ఈడువచ్చిన రేచుకుక్కలు 949 నుంచి 2,215 వరకు ఉంటాయని 2015లో అంచనా వేశారు. ఊరకుక్కల నుంచి సోకే రేబిస్, డిస్టెంపర్ ఒక గుంపును తుడిచిపెట్టగలవు. మీ ఊరు అడవి అంచున ఉంటే కుక్కలకు టీకాలు వేయించండి. మరో మాట. రేచుకుక్కలు చంపిన దుప్పి దగ్గర నుంచి వాటిని తరిమేసి, మాంసం ఇంటికి తెచ్చుకునే అలవాటు కొన్ని పల్లెల్లో ఉంది. ఆ పూట గుహలో కూనలకు కక్కి పెట్టడానికి పెద్దవాటి కడుపులో ఏమీ ఉండదు.