టెండర్ల రద్దు — ప్రజల సొమ్ము
(పుత్తూరు పఠనమందిరమున జేసిన ఉపన్యాసము)



ప్రభుత్వమువారు టెండర్లు పిలుచుటయు, పిలిచినవానిని రద్దుపరచుటయు, ఆ తగవు న్యాయస్థానముల కెక్కుటయు నేడు క్రొత్తగాదు. ఇది గుత్తదారుల కలహము, మనకేల యనువారు పెక్కురు గలరు. మేమట్లు తలపము. పని యెవరు చేసినను పైకము మనది. జాగైనచో నష్టమును మనదే.

2019లో పోలవరమున జరిగినది చూడుడు. నూతన రాష్ట్ర ప్రభుత్వము ప్రధాన జలాశయపు పనులను, 960 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రపు పనిని నవయుగ కంపెనీనుండి తప్పించి, రెంటిని గలిపి మరల టెండర్లు పిలిచెను. జాగును వ్యయమును పెరుగునని పోలవరము ప్రాజెక్టు అథారిటీ హెచ్చరించెను. ఆగస్టులో హైకోర్టు విద్యుత్కేంద్రపు రద్దుపై స్టే యిచ్చి, అక్టోబరు 31న తొలగించెను. నడుమ సెప్టెంబరులో మేఘా కంపెనీ 12.6 శాతము తక్కువకు పాడగా, 780 కోట్లకు పైగా మిగిలెనని ప్రభుత్వము చాటెను. మిగులును లెక్కించుట లెస్సయే. నీటికై వేచిన రైతు కోల్పోయిన దినములను ఆ పద్దులోనే వ్రాయవలదా?

ఇది ఒక పక్షమువారి దోషము మాత్రమే కాదు. భోగాపురము విమానాశ్రయపు పాటలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ముందుండగా, అంతకుముందరి ప్రభుత్వము 2018లో ఆ టెండరును రద్దుపరచెను. 2019లో వచ్చిన రివర్సు టెండరు పద్ధతినే 2024లో తరువాతి ప్రభుత్వము తీసివేసెను. నేటి మాట రేపు నిలుచునో నిలువదో యను భయమునకు గుత్తదారుడు వెలగట్టి పాటలోనే చేర్చును. ఆ వెల మనమే చెల్లింతుము.

రద్దుపరచు హక్కే కూడదని మేమనము. పాటదారులు కుమ్మక్కైనపుడు, మోసము బయల్పడినపుడు రద్దు ధర్మమే. టెండరు నిర్ణయము మంచిదా చెడ్డదా యని తాము అప్పీలు వినబోమనియు, అది న్యాయముగా జరిగెనా యని మాత్రము చూతుమనియు సుప్రీంకోర్టు 1994లో టాటా సెల్యులార్ వ్యాజ్యమున దెలిపెను. 2024లో కలకత్తాలోని ఒక గుత్తదారునకు టెండరిచ్చి పిమ్మట రద్దుపరచుట స్వేచ్ఛాచారమని, ఆ రద్దును కొట్టివేసెను.

కావున మేము కోరునది స్వల్పము. రద్దైన దినముననే కారణమును వ్రాసి ప్రకటింపవలెను. మిగులుతోబాటు జాగువలని నష్టమును చూపవలెను. తప్పులేని చిన్న గుత్తదారుని ధరావతు సొమ్మును వెంటనే మరలింపవలెను.

ఎముకల కట్టునకు బేరొందిన ఈ యూరివారికి మేము చెప్పవలసినదేమి? కట్టు విప్పవలసివచ్చినచో విప్పవలసినదే. కాని యేల విప్పుచున్నారో చెప్పి, మరల గట్టుటకు సిద్ధపడి విప్పవలెను.

2005నాటి సమాచార హక్కు చట్టము మీ చేతనున్నది. మీ పురపాలక సంఘమున నొక టెండరు రద్దైనచో, ఆ కాగితములను అడుగుడు. అడుగువారున్నచోట అధికారి కలము జాగ్రత్తగా నడచును.