తేగ నేర్పు పెద్దరికము



ఆపద వచ్చినప్పుడు గ్రామమువారందరు పెద్దరైతు ముఖమునే చూతురు. ఏ చెరువుకట్ట తెగునో, ఏ పొలము మునుగునో యని భయపడు వేళ ఆతని మాట పదిమంది పంటకును ప్రాణములకును ఆధారము. అట్టి పెద్దరికము ఎట్లుండవలెనో ప్రకృతియే బోధించుచున్నది.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ ఆదివారమునాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముకడ తీరము దాటెను. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచెను. పట్టణమున నీడకై నాటబడి, శీఘ్రముగా పెరిగి, కొమ్మలు చాచిన వృక్షములు అనేకము వేళ్లతోసహా కూలెను. తాటిచెట్టు గాలికి ఓర్చునని తీరపు రైతులు ఎరుగుదురు. దాని బలము ఎక్కడిది? తాటిటెంకను పాతర వేసినచో ముందుగా ఆకు రాదు. తేగ భూమిలోనికి దిగును. పిదపనే ఆకు పైకి వచ్చును. మాను కనబడుటకు ఏండ్లు పట్టును. పెద్దరికమును అట్టిదే. ఎండ కాయుచున్న దినములలో కట్టకు మట్టి వేయించి, మురుగుకాలువ పూడిక తీయించి, విత్తనమును మిట్టకు చేర్చినవాడే తుపానునాడు నిలువగలడు.

1933లో తెరువబడిన విశాఖ రేవునకు యారాడకొండ అండగానున్నది. గాలికి తానెదురొడ్డి లోపలి ఓడలను కాచుచున్నది. తన ధాన్యమును ముందు గట్టెక్కించుకొని పిదప పల్లపువారి సంగతి విచారించు వాని మాటను ఎవ్వరును వినరు.

తేనెటీగల గుంపు పాతపట్టు విడిచి కొమ్మకు వ్రేలాడునప్పుడు ఎచ్చటికి పోవలెనో రాణియీగ ఆజ్ఞాపింపదు. అనుభవముగల ఈగలు నలుదిక్కులకు పోయి తొర్రలను పరీక్షించివచ్చి, తాము చూచిన తావును నాట్యముచే తెలుపును. మరికొన్ని స్వయముగా పోయి చూచివచ్చును. మంచి తావుపై వానికి ఏకాభిప్రాయము కుదిరిన పిదపనే గుంపు లేచును. కట్ట ఎచ్చట బలహీనమో నీరుకట్టువాడెరుగును. మురుగు ఎచ్చట నిలుచునో కౌలుదారు ఎరుగును. వారిని అడుగుట పెద్దరైతునకు చిన్నతనము కాదు.

మన తీరమునకు తుపానుల భయము అక్టోబరు, నవంబరు మాసములలో మెండు. వరి చేతికి వచ్చు కాలమును అదియే. కావున వర్షములు తెరపి యిచ్చిన దినముననే గ్రామస్థులను కూర్చి, కట్టకు ఎవరు, కాలువకు ఎవరు, వృద్ధులను పశువులను మిట్టకు చేర్చుటకు ఎవరు అని నిర్ణయించుకొనుడు. గాలి లేచిన పిదప తేగ దిగదు.