అరుదైన గర్భాశయ వ్యాధులు – పంచాయతీ సభ్యులతో కొన్ని మాటలు



రోడ్లను గూర్చి, మంచినీటిని గూర్చి, వీధి దీపములను గూర్చి మీతో మాటలాడువారు పలువురు గలరు. నేడు మేము ప్రస్తావింపబూనిన విషయము గ్రామసభలో ఎవ్వరును నోరు విప్పి చెప్పనిది. స్త్రీల గర్భసంచికి సంబంధించిన వ్యాధులలో కొన్ని మిక్కిలి అరుదైనవి. ఒక చిన్న గ్రామములో ఏండ్ల తరబడి ఒక్కటియైనను కనిపింపకపోవచ్చును. అరుదైనందుననే వాని పేరు ఎవరికిని తెలియదు. పేరు తెలియనందున గాలి సోకినదనియో, ఎవరి శాపమో తగిలినదనియో అనుకొందురు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో కాలువగట్టు పల్లెకైనను, సముద్రపుటొడ్డు పల్లెకైనను ఈ మాట వర్తించును.

మొదట ఒక బాలిక సంగతి చెప్పెదము. పదునైదేండ్లు వచ్చినను పెద్దమనిషి కాలేదు. నెలనెలా కొన్ని రోజులు పొత్తికడుపు నొప్పితో మెలికలు తిరుగును. ఒక్కొక్కప్పుడు మూత్రము బిగియును. ఇంటివారు అజీర్ణమని వామునీళ్లు ఇత్తురు. కడుపు ఉబ్బుట చూచి పెద్దలు మరియొకటి శంకించుటయు గలదు. నిజమునకు ఆ పిల్లకు ముట్టు వచ్చుచునే యున్నది. పుట్టుకతోనే యోనిద్వారమునకు అడ్డముగా పొర యుండుటచే రక్తము వెలికి రాక లోపలనే నిలిచిపోవుచున్నది. ఇందు పిల్ల నడవడికి ఏ సంబంధమును లేదు. చిన్న శస్త్రచికిత్సతో ఆ పొరను తెరతురు. పిమ్మట ఆమె అందరివలెనే వివాహమాడి బిడ్డలను కనవచ్చును. సుమారు అయిదువేల మందిలో ఒకరికి గర్భసంచియే పుట్టుకతో ఉండదు. ఆ సంగతి తెలిసికొనక పెండ్లి చేసి, తరువాత ఆ పిల్లను పుట్టింటికి పంపివేయుట ఘోరమైన అన్యాయము. పదునైదేండ్లు నిండినను సమర్త కాని పిల్లను వైద్యురాలికి చూపవలెను.

రెండవది ముత్యాల గర్భము. పేరు ముచ్చటైనదే గాని వ్యాధి ముచ్చటైనది కాదు. నెల తప్పును, వాంతులు మితిమీరును, మూడవ నెలలోనే కడుపు అయిదవ నెల కడుపువలె కనిపించును. లోపల సాధారణముగా శిశువుండదు. మాయ కావలసినది ద్రాక్షగుత్తివలె నీటిబుడగలై పెరుగును. రక్తస్రావమగును. స్కానింగులో ఇది తెలియును. ఆసుపత్రిలో గర్భసంచిని శుభ్రము చేయుదురు.

ఇంతటితో గండము గడచినదని ఇంట కూర్చుండుటయే అసలు ప్రమాదము. కొందరిలో మిగిలిన కణములు మరల పెరిగి కాన్సరుగా మారి ఊపిరితిత్తులకు ప్రాకును. మొదట అది పైకి కనబడదు. గర్భమును తెలుపు హార్మోను రక్తములో తగ్గుచున్నదో పెరుగుచున్నదో పరీక్షించి చెప్పవలసినదే. తొలుత వారము, రెండు వారముల కొకమారు, తరువాత నెలకొకమారు, వైద్యులు చాలునను వరకు ఈ పరీక్ష జరుగవలెను. ఆ కాలములో మరల గర్భము రారాదు. వచ్చినచో అదే హార్మోను పెరిగి వ్యాధిని మరుగుపరచును. కాని వరినాట్లు వచ్చినవని, రేపల్లెలో రైలెక్కి తెనాలి మీదుగా గుంటూరు పోవుటకు చేతిలో డబ్బు లేదని, అత్తగారు మనుమని కొరకు తొందరపెట్టుచున్నారని పరీక్షలు మానుట ఎంత సులభమో మీకు మేము చెప్పనక్కరలేదు.

ఒకప్పుడు ఈ కాన్సరు ప్రాకిన స్త్రీ బ్రతుకుట అరుదు. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు మెథోట్రెక్సేటు అను మందుతో దీనిని లొంగదీయవచ్చునని ప్రకటించిరి. ఆ మందు పుట్టినది లెడర్లీ ప్రయోగశాలలో. అచ్చట పరిశోధనకు నాయకత్వము వహించినవారు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1948లోనే కన్నుమూసిరి. ఈ ఫలితమును చూడనేలేదు. నేడు సకాలములో చికిత్సకు వచ్చినవారిలో దాదాపు అందరును కోలుకొనుచున్నారు. పెక్కుమందికి గర్భసంచి తీయనక్కరయే లేదు.

గర్భసంచి తీయుట అనగానే ఇంకొక మాట. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశములో నూటికి 3.2 కాగా, మన రాష్ట్రములో 8.9. అరుదైన వ్యాధిని గుర్తింపలేకపోవుట ఒక ప్రక్క, తెల్లబట్టకును నడుమునొప్పికిని గర్భసంచినే తీయించుకొనుట మరియొక ప్రక్క. రెండింటికిని మూలము సరియైన పరీక్ష లేకపోవుటయే. కొన్ని వ్యాధులకు ఆ శస్త్రచికిత్స తప్పనిసరియే, మేము కాదనము. కాని నలువది ఏండ్లు నిండని స్త్రీకి తీయవలెనన్నచో రెండవ వైద్యురాలి అభిప్రాయము తీసికొనవలెను. అనవసరపు శస్త్రచికిత్సలను అరికట్టు మార్గదర్శకములను అమలుపరచవలెనని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రములను ఆదేశించినది.

ఇక మీ పని. గర్భస్రావమైన పిదపగాని, కాన్పు అయిన పిదపగాని వారముల తరబడి రక్తము పోవు స్త్రీకి దగ్గులో కూడ రక్తము పడినచో, ఆ దినమే పెద్దాసుపత్రికి పంపుటకు వాహనము కుదుర్పుడు. ముట్లుడిగిన స్త్రీకి మరల రక్తము కనిపించినచో, అది వయసు లక్షణమని ఊరుకొనక పరీక్ష చేయింపుడు. పురుష సభ్యులు వినుటకు మొగమాటపడు సంగతులను మహిళా సభ్యులు ఏ.ఎన్.ఎం.తోను, ఆశా కార్యకర్తతోను విడిగా కూర్చుండి మాటలాడవచ్చును. మీ యూరిలో ముత్యాల గర్భమునకు చికిత్స పొందిన స్త్రీ యున్నచో, ఆమె తదుపరి రక్తపరీక్ష తేదీ ఏ.ఎన్.ఎం. పుస్తకములో వ్రాసియున్నదా అని అడుగుడు. పేరు చదివింపవలదు. తేదీ చాలును.