విమానం దిగిన కొమ్మ



బ్యాంకాక్‌లో చాటుచక్ అని పెద్ద సంత ఉంది. బుధ, గురువారాల్లో అక్కడ మొక్కలదే రాజ్యం. మన హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి కాబట్టి, మిద్దెతోటల మీద మోజున్నవాళ్లు థాయ్‌లాండ్ వెళితే ఆ సంత చూడకుండా తిరిగి రారు. ముద్ద అడీనియంలు, రంగురంగుల ఆకుల మొక్కలు, కొత్త రకం మామిడి అంట్లు చూస్తే ఎవరికైనా చెయ్యి ఆగదు. కొన్నాక వేళ్ల మట్టి కడిగి, తడి కాగితం చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, సూట్‌కేసులో బట్టల మధ్య సర్దేస్తారు. ఇక శంషాబాద్‌లో దిగాక ఎవరైనా ఆపితే వచ్చే మాట ఒక్కటే: "ఒక్క కొమ్మే కదండీ, ఏమవుతుంది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు మిరపతోటకు వెళదాం. 2021లో ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప వేసినవాళ్లు ఆ సీజన్ను ఇంకా మరిచిపోలేదు. పైరు ఏపుగా ఉంది, పూత బాగుంది, కానీ పూత నిలవలేదు. పువ్వు విప్పి చూస్తే లోపల నల్లటి నలుసులు గుంపులుగా కదులుతున్నాయి. ఒక్కోటీ మిల్లీమీటరంత. అదే నల్ల తామర పురుగు. మన రైతుకు తెలిసిన తామర పురుగు ఆకును పైముడత చేస్తుంది. ఇది నేరుగా పూతలో కూర్చుంది. మందు మీద మందు కొట్టారు, డబ్బు పోయింది, పురుగు పోలేదు. చివరికి తోటలు దున్నేసుకున్నవాళ్లూ ఉన్నారు.

ఈ పురుగు మనది కాదు. దీని పుట్టిల్లు ఆగ్నేయాసియా. మన దేశంలో ఉందని శాస్త్రవేత్తలు 2015లో మొదటిసారి రాశారు, అదీ బెంగళూరులో, బొప్పాయి మీద. ఆరేళ్లకు మిరప మీద పడింది. ఏ పెట్టెలో, ఏ మొక్క మీద దిగిందో ఇప్పుడు పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అయితే యూరప్ గ్రీన్‌హౌస్‌లలోకి ఇదే పురుగు అలంకరణ మొక్కల మీద చేరింది.

కడిగి తెచ్చాం కదా అంటారు. ఈ జాతి తామర పురుగు గుడ్డు ఆకు మీద పెట్టదు. ఆకు పొరను చీల్చి లోపల దిగేస్తుంది. కుళాయి కింద గంటసేపు పట్టుకున్నా ఆ గుడ్డు కదలదు. చూపుకు ఆకు నిగనిగలాడుతూనే ఉంటుంది. తెగుళ్లది మరీ మోసం. ఫిలిప్పీన్స్‌లో కొబ్బరికి కడంగ్-కడంగ్ అనే జబ్బుంది. లక్షలు కాదు, కోట్ల చెట్లను తిన్నది. అది సోకిన చెట్టులో లక్షణాలు బయటపడటానికి ఏళ్లు పడుతుంది. అందుకే అక్కడి కొబ్బరి మొక్కను మన చట్టం గడప తొక్కనివ్వదు. కోనసీమను తలచుకుంటే ఆ నిషేధం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

మట్టి సంగతి వేరే. విదేశీ మట్టి మొక్కతో రాకూడదు, చిటికెడు కూడా. నులిపురుగులు, వాటి గుడ్లు అందులో దాక్కుంటాయి. నీలగిరుల బంగాళదుంప చేలల్లో 1961లో బయటపడిన తిత్తి నులిపురుగు ఇవాళ్టికీ పోలేదు. దాని తిత్తి పంట లేకపోయినా నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది.

ఇక రూల్సు. 1914 నాటి పురుగులు, తెగుళ్ల చట్టం మూలం. దాని కింద 2003లో వచ్చిన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ఇప్పుడు నడుస్తోంది. అధికారి మొదట చూసేది తినడానికి తెచ్చారా, నాటడానికి తెచ్చారా అని. వేయించినవి, ఉడికించినవి, పొడి కొట్టినవి అయితే పెద్ద చిక్కు లేదు. నాటేదైతే, అది గింజ కానీ, కొమ్మ కానీ, దుంప కానీ, రెండు కాగితాలుండాలి. ఒకటి మన ప్రభుత్వం ముందుగా ఇచ్చే దిగుమతి పర్మిట్. రెండోది ఆ దేశపు వ్యవసాయ శాఖ మొక్కను పరీక్షించి ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్. నర్సరీవాడి బిల్లు సర్టిఫికెట్ కాదు. కవరు మీద కొట్టిన 'ఆర్గానిక్' ముద్ర అసలే కాదు. విమానం దిగాక పర్మిట్‌కు దరఖాస్తు పెడతానంటే కుదరదు, అది ముందే చేతిలో ఉండాలి. రెండు కాగితాలున్నా కొన్ని మొక్కల్ని విడిగా ఒక చోట పెంచి, అధికారులు చూసి సరేనన్నాకే బయటికి వదులుతారు.

సామానులో మొక్క గానీ విత్తనం గానీ ఉంటే కస్టమ్స్ దగ్గర రెడ్ ఛానల్లోకి వెళ్లి చెప్పాలి. కాగితాలు లేకపోతే తీసుకుని నాశనం చేస్తారు. అక్కడ బతిమాలడం వృథా. డబ్బు పోయిందన్న బాధ నాకు అర్థమవుతుంది, అయినా నా ఓటు అధికారికే.

"మొక్క వద్దులెండి, గింజలు తెస్తాను" అనేవాళ్లుంటారు. గింజ పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది, అదే దాని ఎత్తు. వేరుశనగ గింజలో చారల వైరస్ దాక్కుని దేశదేశాలు తిరిగింది. 1980లలో మన దేశంలోనూ దొరికింది. ఇలాంటివి పట్టుకోవడానికి శంషాబాద్ పక్కనే రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థకు ప్రాంతీయ కేంద్రం ఉంది. పరిశోధన కోసం పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు వచ్చే, అక్కడి నుంచి వెళ్లే విత్తనాలను దశాబ్దాలుగా పరీక్షిస్తున్నది అక్కడే. ఇలాంటి పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను. గాజు పళ్లెంలో తడిపిన అద్దుడు కాగితం పరుస్తారు. దాని మీద గింజల్ని ఒకదానికొకటి తగలకుండా పేరుస్తారు. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి, ఇరవై డిగ్రీల చల్లదనం. వారం గడిచాక మైక్రోస్కోపు కింద పెడితే, నున్నగా ఉన్న గింజ మీద బూజు లేచి ఉంటుంది. ఆ బూజు తీరును బట్టి ఏ తెగులో పోలుస్తారు. పురుగు లోపలే ఉందేమోనని ఎక్స్-రే తీస్తారు. వైరస్ అనుమానముంటే దోమ దూరని గ్రీన్‌హౌస్‌లో మొలకెత్తించి ఆకులు చూస్తారు. ఇంత తతంగం ఉన్న పనిని మనం అరచేతిలో గింజలు పోసుకుని, మంచివేలే అని తేల్చేస్తాం.

ఇదంతా అధికారుల చాదస్తం అనుకునేవాళ్లకు పత్తి కథ చెప్పాలి. అమెరికాలో పత్తి పంటను నాశనం చేసిన బోల్ వీవిల్ అనే పెంకుపురుగు ఉంది. అమెరికా పత్తి బేళ్లతో అది మన దేశానికి దిగుతుందేమోనని 1906లో బొంబాయి రేవులో ఆ బేళ్లకు పొగబెట్టడం తప్పనిసరి చేశారు. ఆదిలాబాద్ రైతు పచ్చపురుగుతో, గులాబీ పురుగుతో పోరాడుతున్నాడు గానీ, ఈ పెంకుపురుగు మొహం ఈనాటికీ చూడలేదు. జరగని నష్టం పేపర్లో రాదు కాబట్టి ఈ సంగతి ఎవరికీ పెద్దగా తెలియదు.

ఈ దారి రెండువైపులా ఉంది. అమెరికాలో ఉన్న అమ్మాయికి కరివేపాకు కట్ట, వీలైతే ఒక పిలక కూడా సర్ది పంపే తల్లులున్నారు. కరివేపచెట్టు మీద బతికే చిన్న పురుగు నిమ్మ, బత్తాయి తోటల్ని చంపే గ్రీనింగ్ తెగులును మోస్తుంది. 2005లో ఆ తెగులు ఫ్లోరిడాలో కనిపించాక అక్కడి నారింజ తోటలు మళ్లీ కోలుకోలేదు. 2009లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో, మన దేశం నుంచి వెళ్లిన పార్సిల్లో కరివేపాకును ఒక పోలీసు కుక్కలాంటి తనిఖీ కుక్క వాసన పట్టింది. ఆకుల మీద ఆ పురుగులున్నాయి. కాబట్టి పచ్చి ఆకు వద్దు. పొడి చేసి పంపండి, ఇడ్లీలోకి అదే బాగుంటుంది.

అడగకుండా పోస్టులో వచ్చే విత్తనాల మాట కూడా చెప్పాలి. 2020లో అమెరికాలో చాలామంది ఇళ్లకు తాము కొనని విత్తనాల పొట్లాలు వచ్చాయి. కొన్నింటి మీద నగలని రాసి ఉంది. ఆ ఆగస్టులో మన వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను హెచ్చరించింది. అలాంటి పొట్లం వస్తే విప్పకండి, కుండీలో వేసి చూద్దామనుకోకండి, చెత్తబుట్టలోనూ పారేయకండి. చెత్తకుప్పలో పడిన గింజ కూడా మొలుస్తుంది. అలాగే మూసి ఉంచి మండల వ్యవసాయాధికారికి అప్పగించండి.

ఎప్పుడో తెచ్చిన విదేశీ మొక్క ఇప్పటికే మీ మేడ మీద ఉంటే, దాని కొమ్మలు పక్కింటివాళ్లకు పంచకండి. మిగతా కుండీలకు దూరంగా జరపండి. వారానికోసారి ఆకు తిప్పి అడుగున చూడండి, పువ్వును తెల్లకాగితం మీద దులపండి. కాగితం మీద నలుసులు నడిస్తే, తెలియని మచ్చలు కనిపిస్తే, ఒక ఫోటో తీసి దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లకు చూపించండి. లేదా కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేయండి. నంబరు 1800 180 1551, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు.